మిన్ తమ్ముడి వీడియో

ఈ బరువు ఏళ్ల తరబడి మోశాను. మా ఆవిడకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు కాబట్టి, మీకు చెప్పడం కొంచెం తేలిక.

అమెరికాలో, సన్నీవేల్ ఆఫీసులో, నా టీమ్‌లో ఒకతను ఉండేవాడు. దేశం పేరు చెప్పను. అతన్ని మిన్ అంటాను, అసలు పేరు కాదు. వాళ్ల దేశంలో ఎన్నికలు జరిగాయి. గెలిచినవాళ్లు ప్రమాణం చేయకముందే సైన్యం వాళ్లని అరెస్టు చేసి అధికారం లాక్కుంది. మిన్ తమ్ముడు ఓటేసింది అదే మొదటిసారి. స్కూల్ టీచర్. సైన్యం కింద పనిచేయనని బడి మానేసి, రోడ్డు మీద నిలబడి మా ఓటు మాకివ్వండని అరిచాడు. ఆ వీడియో మిన్ నాకు పంపాడు. అందులో తమ్ముడి ముఖం స్పష్టంగా ఉంది.

"నీకు మాత్రమే. ఎవరికీ చూపించకు," అన్నాడు.

"ఛ, నేనెందుకు చూపిస్తాను?" అన్నాను.

ఆ వీకెండే పోస్ట్ చేశాను. ఎందుకు? లోకానికి తెలియాలనుకున్నాను. అది అబద్ధం కాదు. కానీ ఎంతమంది షేర్ చేశారోనని వంట చేస్తూ కూడా ఫోన్ చూసుకున్నది నేనే కదా? నా ఓటు ఎవరూ ఎప్పుడూ లాక్కోలేదు, వాళ్ల భయం నాకేం తెలుసని సర్దిచెప్పుకోబోతాను. తెలీదనే కదా అతను ముందే వద్దన్నాడు అనిపించి ఆగిపోతాను.

కొద్దిరోజులకే సైనికులు తమ్ముణ్ణి తీసుకెళ్లారు. మిన్ కంటపడకముందే గబగబా పోస్ట్ డిలీట్ చేశాను.

నా వల్లేనా? ఈ రోజుకీ తెలీదు. అక్కడ వాళ్ల పక్కింటాయనే పట్టించాడని మిన్ నమ్మాడు. చిన్నప్పుడు అన్నదమ్ములిద్దర్నీ ఎత్తుకు తిరిగిన పెద్దాయన. ఆయన పలకరిస్తే ఇంట్లోవాళ్లు తలుపేసుకుంటున్నారని లంచ్‌లో మిన్ చెబుతుంటే, అన్నం కలుపుకుంటూ విన్నాను. ఆయన కాకపోవచ్చు అని ఒక్క మాట అనొచ్చు. అనలేదు. మా పాప పుట్టినప్పుడు రోజూ వండి తెచ్చినవాడు మిన్.

తమ్ముడింకా జైల్లోనే ఉన్నాడు. సైన్యం మళ్లీ ఎన్నికలంటోంది. ఎవరికి వేయాలి, జనం నమ్మినవాళ్లంతా లోపలుంటే? ఈ మాట మిన్ నవ్వుతూ అన్నాడు. ఆ నవ్వు నాకు నిద్ర లేకుండా చేసింది.

నిన్న మిన్‌కి ఫోన్ చేసి అంతా చెప్పేశాను.

"ఆ పెద్దాయనకి ఫోన్ చేయాలి," అని పెట్టేశాడు.

మళ్లీ నాకు చేయలేదు. చేస్తాడనుకోను, క్షమించమని అడగాలని కూడా లేదు. చెప్పాను. ఇన్నాళ్లకి అదొక్కటి చేయగలిగాను.