నీడన ఆరిన తాడు

మదనపల్లెలో మా మేడమీద అద్దెకుండిన ఆమె ఆడపిల్లలకు కొండబండలెక్కడం నేర్పేది. ఎక్కేవారి నడుముకు కట్టే తాడును సబ్బు తగలనీయక తొట్టిలో కడిగి, నీడన ఆరవేసి, కన్నులు మూసుకొని ఈ కొస నుండి ఆ కొస వరకు వ్రేళ్లతో తడిమేది.

ఒకనాడు తాడును నానవేసి పుంగనూరికి వెళ్లింది. ఎర్రమట్టి మరక వదలలేదని మా ఇంటావిడ ప్రేమకొద్దీ బ్లీచింగ్ పొడి వేసి ఉతికింది. మరునాడే పిల్లలను కొండకు తీసికొనిపోవలసి ఉన్నది. తిరిగివచ్చిన ఆమె వాసన పసిగట్టి, తాడంతయు ఎప్పటివలెనే తడిమిచూచింది.

"బాగుండాది గదమ్మా?" అన్నది మా ఆవిడ బెరుకుగా.

"చేతికి బాగుండాదమ్మా. ఆ పొడి లోపల పోగుల్ని తినిందో లేదో నాకు తెలీదు. తెలీనిదానికి పిల్లోళ్లను యాల కట్టాల?"

ప్రయాణం మానుకొని, తాడును ముక్కలుగా కోసి, ఒకటి మా ఆవిడ చేతికిచ్చింది. "దీంతో ఆవును కట్టెయ్ అమ్మా. అది కొండెక్కదులే."

ఆమె కుప్పానికి మారి చాలాకాలమైనది. ఎప్పుడైనా వస్తే పలకరింపులకు ముందే కొట్టంలోకి పోయి, కన్నులు మూసుకొని ఆ పలుపును తడుముతుంది. అది నేటికీ తెగలేదు. ఆ సంగతి మేమూ ఎత్తము, ఆమెయూ ఎత్తదు.