చాచా బొట్లు, నా కిరోసిన్

నేను ఇంజినీరు కాబోతున్న రోజుల్లో (అయ్యానా లేదా అన్నది మా ఇంట్లో ఇంకా తేలలేదు) మా కాలేజీకి ఒక పద్ధతి ఉండేది. మూడో ఏడు పరీక్షలు కాగానే పిల్లలందరినీ నాలుగు వారాలపాటు ఏదో ఒక ఫ్యాక్టరీకి శిక్షణ కోసం తోలేసేవారు. పరీక్షలు అయ్యేది ఏప్రిల్ చివర కాబట్టి శిక్షణ మే నెలలో. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు, నాకు దొరికింది చక్కెర ఫ్యాక్టరీ కాకపోతే. బోధన్, రుద్రూర్ల చుట్టుపక్కల ఒక చిన్న ఫ్యాక్టరీ అది (పేరు చెప్పను, చెబితే నన్ను గుర్తుపడతారు). చెరుకు మార్చికల్లా అయిపోతుంది, దాంతోపాటే ఫ్యాక్టరీ కూడా ఆగిపోతుంది. నేను వెళ్లేసరికి అక్కడ విప్పి పరిచిన యంత్రాలు, తుప్పు వాసన, ఏ పనీ లేని పావురాలు మాత్రం ఉన్నాయి. మళ్లీ చెరుకు వచ్చేలోపు ప్రతి యంత్రాన్నీ విప్పి, కడిగి, అరిగినవి మార్చి, తిరిగి బిగించడం అక్కడి ఎండాకాలపు పని. ఆగిపోయిన ఫ్యాక్టరీలో ఏం నేర్చుకుంటానని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. రిపోర్టు ముందే సిద్ధంగా ఉంది కదా. సీనియర్ అన్న ఒకాయన దయతలచి ఇచ్చిన ఫైలులో పేరు మార్చాను, తేదీలు మార్చాను. దాని ప్రకారం నేను మే నెలంతా చెరుకు బండ్లు దిగడం, రసం మరగడం కళ్లారా చూస్తున్నాను.

కావలసిందల్లా చివర్లో ఒక సంతకం. ఆ సంతకం లేకపోతే సెమిస్టరు పూర్తయినట్టు కాదు, సెమిస్టరు పూర్తి కాకపోతే కాలేజీకి వచ్చే కంపెనీల ముందు కూర్చోనివ్వరు. మా ఊరు ధర్పల్లిలో మా బాపు అప్పటికే ఊరందరికీ "మావోడు షుగర్ ఫ్యాక్టరీ బాగు చేస్తుండు" అని చెప్పేశాడు కాబట్టి వట్టి చేతులతో తిరిగి వెళ్లడం అన్నది అసలు కుదరదు. సంతకం పెట్టాల్సింది చీఫ్ ఇంజినీరు. ఆయన రోజుకు రెండుసార్లు చేతులు వెనక్కి కట్టుకుని ఫ్యాక్టరీ అంతా చుట్టి వచ్చేవాడు, అందుకని అందరూ రౌండు సారు అనేవారు. అంతకుముందు ఏడు ఒక శిక్షణ కుర్రాడు మోటారు మీద టిఫిన్ డబ్బా పెట్టినందుకు సంతకం లేకుండానే ఇంటికి పంపాడని గేటు దగ్గరే నాకు చెప్పారు. నేను ఆ రోజు నుంచి టిఫిన్ డబ్బాను ఒళ్లోనే పెట్టుకుని తినేవాణ్ని.

నన్ను అప్పగించింది చాచాకు. బోధన్ మనిషి, ఫిట్టరు, నేను పుట్టకముందు నుంచీ మిల్లుల దగ్గరే పని. చెరుకు పిండే పెద్ద పెద్ద రోలర్లు ఏ ఇత్తడి బేరింగుల మీద తిరుగుతాయో ఆ బేరింగులన్నీ ఆయన చేతి కిందివే. రెండు మిల్లులు, మిల్లుకు మూడు రోలర్లు, రోలరుకు రెండు చివరలు, మొత్తం పన్నెండు. చూడటానికి నిలువునా కోసిన డ్రమ్ము ముక్కల్లా ఉండేవి. నా కంటికి పన్నెండూ ఒకటే. చాచా నన్ను మొదటి రోజు నుంచే "ఇంజినీర్ సాబ్" అనేవాడు. వెక్కిరింపో గౌరవమో తెలియక నేను గౌరవం కిందే జమ చేసుకున్నాను. పని చెప్పమంటే "సూడు" అనేవాడు. ఏం చూడాలంటే "అదే, సూడు" అనేవాడు. మూడు వారాలు చూశాను.

చూసినవాటిలో ఒకటి ఆ బేరింగుల మీది బొట్లు. మిల్లు విప్పే మొదటి రోజు కొబ్బరికాయ కొట్టి పూజ చేస్తారు. నేను చేరేనాటికి ఆ పూజ అయిపోయింది కానీ ప్రతి బేరింగు మీదా ఆముదంలో కలిపిన పసుపో కుంకుమో బొట్టుగా మిగిలిపోయి ఉంది. కొన్నిటికి ఒక బొట్టు, కొన్నిటికి రెండు. కొన్నిటికి నెత్తిన, కొన్నిటికి చెంపన. పూజారి తొందరలో ఉండి ఉంటాడని నేనొక నిర్ణయానికి వచ్చాను. (పసుపు పండించే ఇంట్లో పుట్టినవాణ్ని. ఏటా పసుపు ఉడకబెట్టే రోజుల్లో ఒళ్లు, చొక్కా, పుస్తకాలు అన్నీ పచ్చగా అయ్యేవి. పసుపు మరక ఎక్కడ కనిపించినా కడిగేయాలనిపించడం నాకు చిన్నప్పటి నుంచీ ఉంది.)

మూడో వారం గురువారం నాడు రౌండు సారు వచ్చి, సోమవారం బేరింగులు ఎక్కించడం మొదలుపెట్టాలని, తాను దగ్గరుండి చూస్తానని చాచాతో చెప్పి, నా వైపు తిరిగి "నీ కాగితాలు కూడా అప్పుడే తీసుకురా, ఆ తర్వాత నేను సెలవులో పోతున్నా" అన్నాడు. నాలుగు వారాలు మూడు వారాలయ్యాయి, సంతకం దగ్గరపడింది, ఆ ఆనందంలో ఆ మధ్యాహ్నమే నేను బేరింగుల వరస ముందు చేతులు కట్టుకుని నిలబడి ఒక ఫోటో తీయించుకుని వాట్సాప్‌లో పెట్టాను. కింద "ఇంజినీర్ ఆన్ డ్యూటీ" అని రాశాను. మా మేనత్త కొడుకు ఒక్కడే మెచ్చుకున్నాడు.

మర్నాడు శుక్రవారం. చాచా జుమ్మా నమాజుకు బోధన్ పోతూ "నేనొచ్చేదాక సూస్తుండు" అన్నాడు. రెండు గంటలు నేనొక్కణ్నే. చూడటం మూడు వారాల నుంచి చేస్తూనే ఉన్నాను కదా, ఇవాళైనా చేతులతో ఏదైనా చేద్దామనిపించింది. సోమవారం రౌండు సారు వస్తాడు. జిడ్డుతో, మరకలతో ఉన్న బేరింగులు చూసి "ఇక్కడ కుర్రాడు ఏం చేస్తున్నట్టు?" అంటాడు. కిరోసిన్ ట్రే ఉంది, పాత బనియన్ గుడ్డలు ఉన్నాయి. ఒకటి తుడిచాను, బంగారంలా మెరిసింది. ఇక ఆగలేదు. పన్నెండో దాని దగ్గరికి వచ్చేసరికి చొక్కా తడిసిపోయింది. జీవితంలో మొదటిసారి ఇంజినీరులా అనిపించింది.

చాచా అత్తరు వాసనతో తిరిగొచ్చాడు. గుమ్మంలోనే ఆగాడు. బేరింగుల వైపు చూశాడు, నా వైపు చూశాడు, మళ్లీ బేరింగుల వైపు చూశాడు.

"గివి ఎవలు కడిగిండ్రు?"

"నేనే చాచా."

"అన్నీ?"

"అన్నీ."

"ఒక్కటన్న ఇడిసిపెట్టినవా?"

"లేదు చాచా," అన్నాను గర్వంగా. "ఒక్కటి కూడా విడిచిపెట్టలేదు."

చాచా అక్కడే ఉన్న తిరగేసిన డబ్బా మీద మెల్లగా కూర్చున్నాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. మెచ్చుకోవడానికి మాటలు వెతుక్కుంటున్నాడని నేను కొంతసేపు ఎదురుచూశాను.

"పోరగా," అన్నాడు చివరికి. ఇంజినీర్ సాబ్ అక్కడితో పోయింది. "గవి పూజ బొట్లు కావురా. నా నిశాన్లు."

అప్పుడు చెప్పాడు. ప్రతి బేరింగూ తన రోలరుతోనే ఏళ్ల తరబడి అరిగి దానికే సరిపోతుంది. ఒకదాని చోట ఇంకొకటి పెడితే మిల్లు తిరిగిన అరగంటకే వేడెక్కి పట్టేస్తుంది. అందుకని విప్పిన రోజే గుర్తు పెట్టాలి. సుద్దతో రాస్తే చెరిగిపోతుంది. పూజ పళ్లెంలో పసుపు కుంకుమ చేతికి అందుతాయి కాబట్టి ఆముదంలో తడిపి వేలితో పెట్టేస్తాడు. పసుపంటే మొదటి మిల్లు, కుంకుమంటే రెండోది. నెత్తిన ఉంటే పై రోలరు, ఎడమ చెంపన ఉంటే ముందుది, కుడి చెంపన ఉంటే వెనకది. ఒక్క బొట్టు గేరు వైపు, రెండు బొట్లు ఇవతలి వైపు. "ఇరవై ఏండ్ల సంది గిట్లనే. పూజ చేసెటోళ్లకు పూజ, నాకు నిశాన్. ఎవ్వలు ముట్టలే. బొట్టు తుడిచెటోడు ఎవడుంటడు అనుకున్న." నా వైపు చూశాడు. "ఉన్నడు."

నాకు సంతకం కళ్ల ముందే ఆవిరైపోయింది. సోమవారం బేరింగులు ఎక్కవు. ఎందుకని సారు అడుగుతాడు. టిఫిన్ డబ్బా పెట్టినవాడే ఇంటికి పోతే, రెండు మిల్లుల బొట్లు తుడిచినవాడు ఎక్కడికి పోతాడో ఊహకు అందలేదు. "సారుకు చెప్పేద్దామా చాచా?" అన్నాను. "చెప్పినంక?" అన్నాడు చాచా. "నువ్వు ఇంటికి పోతవ్. నాకు బేరింగులు దొరుకుతయా? ముందుగాల ఎతుకుదాం."

అప్పుడు గుర్తొచ్చింది ఫోటో. ఫోన్ తీసి గబగబా పెద్దది చేశాను. చేతులు కట్టుకుని నేను, నా వెనక బేరింగులు, వాటి మీద బొట్లు, స్పష్టంగా. చాచా అద్దాలు పెట్టుకుని ఫోన్‌ను దగ్గరికి, దూరానికి జరిపి లెక్కపెట్టాడు. ఎడమ పక్కన రెండు, కుడి పక్కన మూడు. కడిగినవాటిని ఎక్కడివక్కడే పెట్టాను కాబట్టి ఆ ఐదూ తేలిపోయాయి. మిగతా ఏడింటి ముందు నేను నిలబడి ఉన్నాను. నా భుజాలు అంత వెడల్పని అంతకుముందు నాకు ఎవరూ చెప్పలేదు.

"గింత జాగ ఉండంగ నడిమిట్లనే నిలవడ్డవా?" అన్నాడు చాచా. "జర పక్కకు జరిగితే ఏం పోతుండె రా?"

శనివారం, ఆదివారం (సెలవు రోజు, నిజామాబాదులో మా మేనత్త నాకోసం చికెన్ వండిన రోజు) ఆ ఏడింటితోనే గడిచాయి. రోలరు చివరకు పల్చగా నీలిరంగు పూయాలి. చెయిన్ పుల్లీతో బేరింగు ఎత్తి దాని మీద కూర్చోబెట్టి కాస్త తిప్పాలి. మళ్లీ ఎత్తి లోపల రంగు ఎక్కడెక్కడ అంటిందో చూడాలి. దానిదే అయితే నీలం అంతటా సమానంగా పరుచుకుంటుంది. కాకపోతే ఒక అంచున చారలా పడుతుంది. చెయిన్ లాగేది నేను, చూసేది చాచా. మూడు వారాల లెక్క తిరగబడింది. మొదటి రెండు చారలకే నా అరచేతులు బొబ్బలెక్కాయి. ఆదివారం మధ్యాహ్నానికి నాలుగు దొరికాయి. చాచా బొటనవేలితో లోపల తడిమి "ఇది వెనకది" అంటే నూటికి తొంభై సార్లు వెనకదే అయ్యేది, మిగతా పదిసార్లు నేను చెయిన్ లాగేవాణ్ని. ఈసారి మర్చిపోకుండా ఉండాలని దొరికిన ప్రతిదాన్నీ దాని రోలరు పక్కనే పెట్టి ఒక కాగితం మీద రాసుకున్నాను. ఏ మిల్లు, ఏ రోలరు, ఏ వైపు, బొట్టు ఎక్కడ, లోపల అరుగుదల ఎలా ఉంది. చాచా చెబుతూ పోయాడు, నేను గీతలు గీసి రాస్తూ పోయాను. సాయంత్రం నమాజు వేళకు ముందు పన్నెండోది నీలం అంతటా పరుచుకుని బయటికి వచ్చింది. నేను నేల మీద అలాగే కూలబడ్డాను. చాచా నా వీపు మీద ఒక్కటి చరిచాడు. అది మెచ్చుకోలా శిక్షా అని నేను అడగలేదు, రెండూ నాకు రావలసినవే.

సోమవారం రౌండు సారు వచ్చాడు. మెరుస్తున్న బేరింగులు చూసి ఆగాడు. "బొట్లు ఏమైనయి?"

చాచా తన పానా వైపు చూసుకుంటున్నాడు. చెప్పాల్సింది నేనే.

"కడిగేశాను సార్."

సారు నా చేతిలోని రిపోర్టు తీసుకుని తిప్పాడు. పద్నాలుగో పేజీ దగ్గర ఆగి పైకి చదివాడు. "మే తొమ్మిదో తేదీన చెరుకు రసం మరిగే కమ్మని వాసన ఫ్యాక్టరీ అంతటా వ్యాపించింది." చుట్టూ చూశాడు. ఒక పావురం దూలం మీది నుంచి ఎగిరింది. "నాకు జలుబు చేసుండాలె," అన్నాడు.

నేను తల దించుకున్నాను. ఆయన పేజీలు తిప్పుతూనే ఉన్నాడు. చివర మడిచి పెట్టిన, నీలిరంగు వేలిముద్రలు పడిన కాగితం జారి కింద పడింది. తీసుకుని చదివాడు. మొదటి నుంచి చివరి దాకా, మళ్లీ మొదటి నుంచి.

"ఇదెవరు రాసిండ్రు?"

"చాచా చెప్పిండు సార్, నేను రాసిన." (భయపడితే నాకు మా ఇంటి భాష వచ్చేస్తుంది.)

"చాచా, ఎన్నేండ్ల సంది అడుగుతున్న నిన్ను, ఈ లెక్క కాగితం మీద పెట్టమని?"

"పెట్టిన కద సాబ్, బేరింగుల మీద," అన్నాడు చాచా. "ఈ పోరడు తుడిచిండు, గందుకే కాగితం మీదికొచ్చింది."

రౌండు సారు నవ్వలేదు. ముందున్న పేజీలన్నీ పిన్ను తీసి విడదీసి నా చేతిలో పెట్టాడు. "ఇవి మీ సీనియర్‌కు వాపస్ ఇయ్యి. ఈ ఒక్క కాగితం నీ రిపోర్టు." అని ఆ కాగితం కింద సంతకం పెట్టి, సర్టిఫికెట్ మీద కూడా పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని రౌండుకు పోయాడు. గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. ఆ గాలిలో ఆముదం, కిరోసిన్, తుప్పు తప్ప ఏమీ లేవు. అయినా కమ్మగానే ఉంది. గేటు దాకా వచ్చి చాచా "పోయి రా, ఇంజినీర్ సాబ్" అన్నాడు. అప్పుడు మాత్రం అది వెక్కిరింపు కాదు. నాలుగోవంతు అయితే అయి ఉండవచ్చు.

ఇప్పుడు నేను ఇంకో ఊళ్లో ఇంకో ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూస్తున్నాను. ప్రతి మే నెలా కొత్త బట్టలు తొడుక్కుని శిక్షణ పిల్లలు వస్తారు. మొదటి వారం వాళ్ల చేతికి గుడ్డ మాత్రం ఇవ్వను. "చూడండి" అంటాను. ఏం చూడాలి సార్ అంటారు. అదే, చూడండి అంటాను. వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు.

ఆ ఫోటో ఇంకా నా ఫోన్‌లోనే ఉంది. ఫోన్లు నాలుగు మారాయి, అది మాత్రం వెంటే వస్తోంది. మొన్న మా ఆవిడ చూసి "ఇదేం ఫోటో? వెనక మెషీన్ ఏంటో కనబడనీయకుండా నువ్వే నిండిపోయావు" అంది. నిజమే. చేతులు కట్టుకుని, గడ్డం పైకెత్తి, చూడవలసిన దానికి సరిగ్గా అడ్డంగా నిలబడ్డాడు వాడు. ఎంత ధీమాగా ఉన్నాడో. కోప్పడదామంటే మనసొప్పదు. అప్పుడప్పుడు తెర మీద వేలు పెట్టి వాణ్ని ఒక పక్కకు తోయాలని చూస్తాను. జర జరుగురా అంటాను. జరగడు.