తిండికి లైన్ క్లియర్

2017 జూన్ 5న కొత్తపేట వైపు ఒక పల్లెలోని విద్యుత్ సెక్షన్‌కు అసిస్టెంట్ ఇంజనీరుగా, వాడుకలో చెప్పాలంటే ఏఈగా, బాధ్యతలు తీసుకున్నాను. సెక్షన్ ఆఫీసుకు వేరే భవనం లేదు. సబ్‌స్టేషన్ కంట్రోల్ రూములోనే ఒక మూల నా బల్ల, దానికి ఎదురుగా షిఫ్టు ఆపరేటర్ బల్ల. రెండింటి మధ్య దూరం పదకొండు అడుగులు. ఆ పదకొండు అడుగుల మీదుగా మూడు నెలలపాటు నేను చూసినదే ఇక్కడ రాస్తున్నాను.

ముప్పైమూడు వేల వోల్టులతో వచ్చే విద్యుత్తును పదకొండు వేలకు దించి, ఫీడర్లు అనే లైన్ల ద్వారా ఊళ్లకు పంపే చోటు సబ్‌స్టేషన్. ఆపరేటర్ గంటకోసారి మీటర్లు చూసి, ట్రాన్స్‌ఫార్మర్ నూనె వేడి చూసి, లాగ్‌షీటు నింపాలి. దీన్నే రీడింగు అంటాం. గడియారం దగ్గర పెట్టుకుని చూశాను. ఒక్కో రీడింగుకు నాలుగు నిమిషాలు పడుతుంది. ఎనిమిది గంటల షిఫ్టులో ఎనిమిది రీడింగులకు ముప్పైరెండు నిమిషాలు. మిగిలిన నాలుగు వందల నలభై ఎనిమిది నిమిషాలూ ఏదైనా జరుగుతుందేమోనని కనిపెట్టుకుని కూర్చోవడమే ఉద్యోగం. ఏమీ జరగకపోతే ఆ రోజు పని బాగా సాగినట్టు. ఇలాంటి ఉద్యోగంలో చేతులు ఊరుకోవు. గేటుకు ఎదురుగా టీకొట్టు ఉంటే అసలే ఊరుకోవు.

ఆ టీకొట్టు మంగాయమ్మ గారిది. అరవై దాటిన మనిషి. పనసాకు బుట్టల్లో ఇడ్లీపిండి పోసి ఉడికించే పొట్టిక్కలు ఆవిడ ప్రత్యేకత. ఎదుటి బల్ల దగ్గర పగటి షిఫ్టు చేసే ఆపరేటర్ వీర్రాజుగారు. వయసు నలభై ఎనిమిది, నాకంటే ఏడాది చిన్న. ఆయన అసలు ఆపరేటర్ కాదు, లైన్‌మన్. పద్దెనిమిదేళ్లు స్తంభాలెక్కారు. రెండేళ్ల క్రితం మోటారు సైకిలు మీంచి పడి మణికట్టు విరిగితే, నయమయ్యేదాకా తేలికపాటి పని ఇవ్వమని డాక్టరు రాశారు. అలా ఈ కుర్చీలోకి వచ్చారు. మణికట్టు అతుక్కుంది. నడుము మాత్రం మారిపోయింది.

మళ్లీ లైను మీదకు పంపమని ఆయన పెట్టుకున్న అర్జీ నేను చేరేసరికి నా బల్ల మీద ఉంది. దాన్ని డివిజనల్ ఇంజనీరు గారికి, అంటే డీఈ గారికి, పంపాను. సెప్టెంబరు 15న తాను తనిఖీకి వస్తానని, తన ఎదుట స్తంభమెక్కి చూపిస్తే ఖాళీగా ఉన్న లైన్‌మన్ పోస్టు ఆయనకే ఇస్తానని, లేదంటే వేరొకరితో నింపేస్తానని జవాబు వచ్చింది. ఆ పోస్టు పోతే వీర్రాజుగారికి రిటైరయ్యేదాకా ఈ కుర్చీయే గతి.

స్తంభమెక్కాలంటే నడుముకు సేఫ్టీ బెల్టు ఉండాలి. జూన్ 20న స్టోరులోంచి ఆయన పాత బెల్టు తీయించి పెట్టి చూశాం. బకిల్‌కూ ఆఖరి రంధ్రానికీ మధ్య ఏడు సెంటీమీటర్ల ఖాళీ మిగిలింది.

"బెల్టు బిగుసుకుపోయిందండి మేడమ్ గారూ. రెండేళ్లు ఎండకి పడుందాయె," అన్నారు వీర్రాజుగారు.

బెల్టు బీరువాలో ఉంది. బీరువాకు ఎండ తగలదు. ఆ మాట ఆయనతో అనలేదు, డైరీలో రాసుకున్నాను. పెద్ద కొలత బెల్టు దొరుకుతుందేమోనని డీఈ గారికి ఫోన్ చేశాను. స్టోర్సులో ఉన్నది ఒకటే కొలత అని, మనిషిని బట్టి బెల్టును సాగదీసే అధికారం తనకు లేదని ఆయన చెప్పారు.

మొదటి పది రోజులూ వీర్రాజుగారు తన సొంత పద్ధతి పాటించారు. రాత్రి భోజనం పూర్తిగా మానేశారు. జూన్ 30న కొలిస్తే ఖాళీ ఏడున్నర సెంటీమీటర్లయింది. తిండి మానేస్తే నడుము పెరగడమేమిటని ఆయన నన్నే అడిగారు. ఏ ఫీడర్ మీద ఎంత లోడు ఉందో తెలియకుండా ఏదో ఒక స్విచ్చి ఆపేస్తే ఇలాగే ఉంటుందని చెప్పి, ఒక పాత రిజిస్టరు తీసి గళ్లు గీసి ఇచ్చాను. టైము, ఏం తిన్నారు, ఎన్ని, ఎందుకు. నాలుగే గళ్లు. వారంపాటు దేన్నీ మానవద్దని, ఉన్నది ఉన్నట్టు రాయమని చెప్పాను.

పద్దెనిమిదేళ్లు లైన్‌మన్‌గా పనిచేసిన మనిషికి రిజిస్టరులో అబద్ధం రాయడం చేతకాదు. ఒక రోజు పేజీ ఇలా ఉంది. తొమ్మిదీ పదికి పొట్టిక్కలు రెండు, కారణం: "మంగాయమ్మగారు అడిగేరు." పదీ నలభైకి జంతికలు ఆరు, కారణం: "రీడింగుకి టైము అవ్వలేదు." పన్నెండుకి పునుగులు ఎనిమిది, కారణం: "ఫీడర్ ట్రిప్ అయ్యింది, కంగారు." పన్నెండుంబావుకి మరో నాలుగు, కారణం: "ఫీడర్ నిలబడింది, సంతోషం." ట్రిప్ అవడమంటే లైనులో ఏదో తేడా వచ్చి బ్రేకర్ దానంతట అదే పడిపోవడం. పడిపోయినా పునుగులే, నిలబడినా పునుగులే. ఇంత నిష్పక్షపాతమైన తిండిని నేనింతకుముందు చూడలేదు.

వారానికి అరవై ఒక్క ఎంట్రీలు వచ్చాయి. కారణాలను విడదీసి లెక్కవేశాను. ఏమీ తోచక తిన్నవి ఇరవై మూడు. ఎవరో అడిగితే తిన్నవి పదిహేడు. కంగారు, సంతోషం, కోపం వచ్చి తిన్నవి పన్నెండు. ఆకలేసి తిన్నవి తొమ్మిది. ఆ తొమ్మిదిలోంచే ఆయన మొదట రాత్రి భోజనాన్ని తీసేశారు. తక్కిన యాభై రెండూ క్షేమంగా ఉన్నాయి.

తోచక తినడం నాకు అర్థమైంది. అడిగితే తినడమే అర్థం కాలేదు. జూలై 10న స్వయంగా టీకొట్టు దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. వీర్రాజుగారు టీ కోసం వచ్చి, అలవాటు ప్రకారం ట్రాన్స్‌ఫార్మర్లుండే యార్డు వైపు చూస్తూ నిలబడ్డారు.

"ఏవండీ వీర్రాజుగారూ, ఇయ్యాళ పిండి బాగా పులిసిందండి," అంది మంగాయమ్మ గారు.

"ఆయ్."

"పచ్చడి కూడా కొబ్బరిదేనండి."

"ఆయ్."

"రెండు వెయ్యమంటారా అండీ?"

"ఆయ్."

పళ్లెం వచ్చింది. ఆయన దాన్ని ఆశ్చర్యంగా చూసి, అయినా అందుకున్నారు. ఎందుకు తీసుకున్నారని అడిగాను.

"నేను పెట్టమన్లేదండి మేడమ్ గారూ. ఆవిడ చెప్తంటే విన్నానండి. విన్నానని ఆయ్ అన్నానండి."

"బావుందండీ. మూడుసార్లు ఆయ్ అన్నాక నన్ను వడ్డించొద్దంటారా? అలా అయితే మీకు రెండేళ్లుగా నేను పెట్టినవన్నీ మీరు విన్నవేనా?" అంది మంగాయమ్మ గారు.

ఈ ఆయ్‌తో నాకు అంతకుముందే పేచీ ఉంది. మా శాఖలో లైన్ క్లియర్ అనే పద్ధతి ఉంది. పొడి అక్షరాల్లో ఎల్సీ అంటాం. లైను మీద పని చేయబోయే మనిషి సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఫలానా ఫీడర్ ఆపమని అడగాలి. ఆపరేటర్ దాన్ని ఆపి, నంబరు వేసి, పుస్తకంలో రాసి, ఎల్సీ ఇవ్వాలి. పని ముగిశాక అదే నంబరు చెప్పి ఎల్సీ తిరిగి అప్పగిస్తేనే ఆ లైనుకు మళ్లీ కరెంటు ఇవ్వాలి. ఈ మాటల్లో ఏ ఒక్కటి పొరపాటుగా విన్నా ప్రాణం పోతుంది. మన వైపు ఫోనుకు అటు ఆయ్, ఇటు ఆయ్. అది విన్నానన్న ఆయ్‌యో, సరేనన్న ఆయ్‌యో, పని అయిపోయిందన్న ఆయ్‌యో ఎలా తెలుస్తుంది? అందుకే చేరిన మూడో రోజున నా మొదటి సర్క్యులర్ అంటించాను: ఎల్సీ సంభాషణలో ఆయ్ అనకూడదు, ఎదుటివారు చెప్పినది పూర్తిగా తిరిగి చెప్పాలి. వీర్రాజుగారు ఫోనులో దాన్ని అక్షరాలా పాటించేవారు. టీకొట్టుకు అది వర్తిస్తుందని ఆయనకు తోచలేదు. నాకూ తోచలేదు.

టీకొట్టు దగ్గర నిలబడిన మర్నాటి నుంచి తిండికీ ఎల్సీ పెట్టాం. ఏం తినాలో, ఎన్ని తినాలో ఆయనే ముందుగా చెప్పాలి. మంగాయమ్మ గారు దాన్ని తిరిగి చెప్పాలి. అప్పుడే పళ్లెం వస్తుంది. తినడం ముగిశాక టైము వేసి ఎల్సీ రిటర్న్ చేయాలి. రిటర్న్ చేశాక మరో ఎల్సీ తీసుకునేదాకా నోట్లో ఏమీ పడకూడదు. ఇది నేను కనిపెట్టినదేమీ కాదు. మా నాన్నగారు వేదం చెప్పేవారు. భోజనం చివర అరచేతిలో నీళ్లు పోసుకుని ఉత్తరాపోశనం పట్టారంటే, ఆ తర్వాత విస్తట్లో ఏం వడ్డించినా ముట్టేవారు కాదు. తిండికి మొదలూ చివరా ఉండాలన్నది ఆయన లెక్క. జంతికల డబ్బాకు ఆ రెండూ లేవు.

రెండు భోజనాల మధ్య తినాలనిపిస్తే తర్వాతి రీడింగు దాకా ఆగాలి. ఈలోగా యార్డు కంచె చుట్టూ ఒకసారి నడిచి రావాలి. నా అడుగులతో నాలుగు వందల పన్నెండు. కంచె వెంబడి కలుపు ఉంటే పీకాలి. రీడింగు రాశాక కూడా ఆకలిగానే ఉంటే, అది ఆకలే కాబట్టి నిక్షేపంగా తినవచ్చు. రాత్రి భోజనం ఇక మానకూడదని చెప్పాను.

మంగాయమ్మ గారికి ఇది నచ్చలేదు. "నా పొట్టిక్కల్లో కూడా కరెంటుందాండీ అమ్మగారూ, పర్మిట్టు పెట్టేరు?" అని అడిగింది. కానీ మూడో రోజుకల్లా ఆవిడే నాకంటే కచ్చితమైన అధికారి అయింది. "రెండు పొట్టిక్కలు, ఒక టీ. తిరిగి చెప్పేనండి. ఇప్పుడు మూడోది అడిగితే పెట్టనండి," అని గట్టిగా అనడం నా బల్ల దాకా వినిపించేది.

రీడింగు దాకా ఆగిన కోరికలను వేరే గుర్తుతో రాయించాను. మొదటి వారం ఇరవై ఆరు ఆగాయి. రీడింగు అయ్యాక కూడా మిగిలినవి ఏడు. తక్కిన పంతొమ్మిదీ ఎటు పోయాయో ఆయనకే గుర్తులేదు.

జూలై 18న ఆ పుస్తకం తనిఖీ చేస్తుండగా వీర్రాజుగారు లేచి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"ఒక్క మాటండి మేడమ్ గారూ. కోప్పడకండి. తమరి ఎల్సీ బుక్కు ఎవరి దగ్గరుంటుందండి?"

నా ఎడమచేతి పక్కన జంతికల డబ్బా తెరిచి ఉంది. నేను ఆయన పుస్తకం చూడడం మొదలుపెట్టినప్పటి నుంచి పద్నాలుగు తిన్నానట. ఆయన తన బల్ల దగ్గర్నుంచే లెక్కపెట్టారు, పదకొండు అడుగుల దూరం నుంచి. కారణం ఏం రాయమంటారని చాలా మర్యాదగా అడిగారు. ఇతరుల తప్పులు చూస్తుంటే నా చేయి దానంతట అదే ఆడుతుందని ఆ రోజు తెలిసింది. ఆ సాయంత్రమే నాకూ ఒక రిజిస్టరు గీసుకున్నాను. దాని తనిఖీ అధికారి వీర్రాజుగారు.

కొలతలు ఇలా ఉన్నాయి. జూలై 31న ఖాళీ ఐదు సెంటీమీటర్లు. ఆగస్టు 20న రెండున్నర. తర్వాత వినాయక చవితి వచ్చింది. ఉండ్రాళ్లు పదకొండు, ఎల్సీ లేదు, కారణం గడిలో "దేవుడి విషయం" అని ఉంది. ఖాళీ మూడయింది. దేవుడికి పెట్టిన ఉండ్రాళ్లు దేవుడి నడుముకు చేరవని పక్కన ఎర్రసిరాతో రాశాను. సెప్టెంబరు 10న ఒక సెంటీమీటరు మిగిలింది. ఆ రోజు ఆయన కంచె చుట్టూ తొమ్మిదిసార్లు తిరిగారు. పీకడానికి కలుపు మొక్క ఒక్కటీ మిగల్లేదు.

సెప్టెంబరు 15న డీఈ గారు తొమ్మిదిన్నరకు వచ్చారు. యార్డు వెలుపల, తీగలు లేని శిక్షణ స్తంభం దగ్గర వీర్రాజుగారు బెల్టు పట్టుకుని నిలబడ్డారు. బకిల్‌ను చొక్కా అంచుతో తుడిచిందే తుడుస్తున్నారు. కంగారు అన్న కారణంతో ఆయన రాసిన ఎంట్రీలన్నీ నాకు గుర్తొచ్చాయి. ఆ సమయానికే మంగాయమ్మ గారు అధికారి గారి కోసం పళ్లెం నిండా పునుగులు తెచ్చింది. డీఈ గారు మంచి మనిషి. పళ్లెం వీర్రాజుగారి వైపు జరిపి, భయపడవద్దని, నాలుగు తిని నింపాదిగా ఎక్కమని అన్నారు.

"ఆ..." అని నోరు తెరిచారు వీర్రాజుగారు. అక్కడ ఆగారు.

"పునుగులు నాలుగు తిని ఎక్కమన్నారండి," అని తిరిగి చెప్పారు. "ఇప్పుడు ఆకల్లేదండి. దిగేక, పదింటి రీడింగు అయ్యేక తీసుకుంటానండి."

మనిషికి భయం వల్ల మతి తప్పిందేమోనని డీఈ గారు నా వైపు చూశారు. మంగాయమ్మ గారు మాత్రం, "సరిగ్గా చెప్పేరండి," అని పళ్లెం వెనక్కి తీసేసుకుంది.

బకిల్ ఆఖరి రంధ్రంలో పడింది. ఊపిరి బిగబట్టకుండానే పడింది. అది నేను దగ్గరుండి చూశాను. ఎనిమిది మీటర్ల స్తంభం ఎక్కి, పైన బెల్టు మీద ఒరిగి, రెండు చేతులూ వదిలి చూపించి, దిగి వచ్చారు. పదింటికి రీడింగు రాశారు. పది దాటి ఐదు నిమిషాలకు పునుగులు నాలుగు, కారణం: "ఆకలి."

అక్టోబరు మొదటి తేదీ నుంచి వీర్రాజుగారు లైను మీదకు వెళ్లారు. 2023లో నేను స్వచ్ఛందంగా పదవీ విరమణ చేశాను. తక్కువ తినమని ఎవరికి చెప్పినా ప్రయోజనం లేదని, ఎందుకు తింటున్నారో ముందు రాయించాలని ఈ ఉదంతం వల్ల తెలుసుకున్నాను. ఆకలి అయితే గంటసేపు ఆగినా ఇంకా అక్కడే ఉంటుంది. విసుగు, కంగారు, మొహమాటం అంతసేపు నిలబడవు. అడిగిన ప్రతిదానికీ ఆయ్ అనడం మర్యాదే. కడుపు తరఫున అనకూడదు.

ఇంట్లో నాకు రీడింగులు లేవు గానీ రిజిస్టరు ఉంది. వీర్రాజుగారు నెలకోసారి ఇటుగా వచ్చినప్పుడు చూసి సంతకం పెడతారు. నిన్నటి ఎంట్రీలు ఐదు. ఆకలి అని రాసినవి మూడు. మిగిలిన రెండింటికీ కారణం గడి ఇంకా నింపలేదు.