బానెట్ కింద తల

మా బావని మా వీధిలో మూతల మేస్త్రి అంటారు. పాత కార్ల బానెట్లు, డిక్కీలు, తలుపులు, ఒక్క మాటలో చెప్పాలంటే మడతబందుల మీద తిరిగేది ఏది మొరాయించినా ఆయన దగ్గరికే వస్తుంది. ఇంజను సంగతి ఎవరైనా ఎత్తితే అది తన పని కాదని మొహం మీదే చెప్పేస్తాడు. ఆయన షెడ్డుని ఆనుకునే నా రంగుల షెడ్డు. మధ్యలో ఒక రేకు గోడ. నేను ఆయన భార్యకి తమ్ముణ్ణి. ఆ ఒక్క అర్హతతో ఇన్నేళ్ళుగా నన్ను ఆటపట్టిస్తున్నాడు. నేనూ ఊరుకునే రకం కాదు కాబట్టి, పగలంతా ఆ గోడకి అటూ ఇటూ మా ఇద్దరి నోళ్ళూ మోగుతూనే ఉంటాయి.

ఆయన మా ఇంటికి మొదటిసారి వచ్చింది పెళ్ళిచూపులకి కాదు. వీధి తలుపు మూసుకోవడం లేదని మా నాన్న కబురు పెడితే వచ్చాడు. అంతకు ముందు వచ్చిన వడ్రంగులు ఆ తలుపుని చెక్కి చెక్కి సగం చేసి పోయారు. ఈయన తలుపు జోలికే పోలేదు. ద్వారబంధాన్ని చేత్తో నిమిరి చూసి, తలుపు మంచిదే, గోడ కుంగింది అన్నాడు. ఆ మాట మా నాన్నకి తెగ నచ్చేసింది. ఏడాది తిరక్కుండా పిల్లనిచ్చాడు. ఒకే రాకతో తలుపునీ మీ అక్కనీ దారిలో పెట్టానురా అని బావ ఇప్పటికీ అంటుంటాడు, అక్క చుట్టుపక్కల లేనప్పుడు మాత్రమే.

ఆయనకి ఈ కార్ల పని నేర్పిన గురువుగారు ఒక ఆనవాయితీ పెట్టి పోయారు. బందులు బాగుచేసిన కారుని అప్పగించే రోజున, యజమాని కళ్ళ ముందు, బానెట్ ఎత్తి, కింద పెట్టిన దన్ను కర్ర తీసేసి, పని చేసినవాడు తన తల లోపల పెట్టాలి. యజమాని చాలు అనేదాకా అలాగే వంగి ఉండాలి. తాను చేసిన పని కింద తన మెడ పెట్టలేనివాడు ఇంకొకడి మెడ మీదికి దాన్ని పంపకూడదని ఆయన సిద్ధాంతం. ఆ పెద్దమనిషి ముసలితనం వచ్చి మంచం మీద ప్రశాంతంగా పోయాడు, మెడతో సహా. అందుకని ఆ ఆనవాయితీలో ప్రమాదమేమీ లేదని మా బావ వాదన. చిన్నప్పటినుంచీ నాకు దాన్ని చూస్తే ఒళ్ళు మండేది. ఈ మధ్య ఒళ్ళు మండటం పోయి భయం పట్టుకుంది. కారణం ఆయన కళ్ళు.

చూపు తగ్గుతున్నట్టు ఆయన ఎవరికీ చెప్పలేదు. మాకు తెలియకుండా దాచగలననుకున్నాడు పాపం. బోల్టు సైజు చూసి చెప్పమంటే, చెయ్యి పెట్టి చెప్పేవాడు. పేపరు చదవడం మానేసి, అందులో అన్నీ అబద్ధాలే రాస్తున్నారనేవాడు. ఒకరోజు అక్క క్యారియరు ఇచ్చి వెళుతూ నా షెడ్డులోకి వచ్చి, ఎప్పుడూ కూర్చోని మనిషి, రంగు డబ్బా బోర్లించి దాని మీద కూర్చుంది.

"మీ బావకి చూపు ఆనడం లేదురా. కంచంలో ఏముందో తడుముకుని తింటున్నారు. డాక్టరు దగ్గరికి పదండి అంటే ఇంతెత్తున లేస్తున్నారు. పని మానమని నేను అనలేను, అది లేకపోతే ఆయన బతకలేరు. కనీసం ఆ తల పెట్టే పిచ్చి ఒక్కటి మాన్పించు. నిన్ను ఇంకేమీ అడగను."

మాటిచ్చాను. అక్క ఏనాడూ నన్ను నోరు తెరిచి ఏదీ అడిగి ఎరగదు. కానీ ఆయన చేత ఒక పని మాన్పించగల మనిషి అప్పటికి ఇంకా పుట్టలేదని కూడా నాకు తెలుసు.

సరిగ్గా ఆ రోజుల్లోనే పళ్ళ డాక్టరుగారి కారు వచ్చింది. ఆయన మేనమామ నుంచి సంక్రమించిన నల్లకారు. పొడుగాటి ముక్కు, దాని మీద ఒకే రేకుతో చేసిన బానెట్. ముందు నుంచి ఎత్తితే ముందు అద్దం దగ్గరున్న బందుల మీద వెనక్కి లేస్తుంది. ఎత్తడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఎత్తాక కాసేపు బుద్ధిగా నిలబడి, దానికెప్పుడు తోస్తే అప్పుడు పడిపోతుంది. ఒకసారి మెల్లగా, ఒకసారి దభీమని. డాక్టరుగారు దాన్ని చూపించేటప్పుడు కూడా రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. మనుషుల నోట్లో వేళ్ళు పెట్టి బతుకుతున్నాను గానీ, దీని నోట్లో మాత్రం పెట్టలేనన్నారు. బావ పకపకా నవ్వి, ఈ పెద్దావిడ సంగతి తనకి వదిలెయ్యమన్నాడు.

ముందు పిన్నులు ఊడదీశాడు. ఏళ్ళ తరబడి అరిగి అవి నడుము దగ్గర సన్నబడి ఉన్నాయి. లేతు మీద కొత్తవి చేయించి వేశాడు. బానెట్ పడింది. పిన్ను తిరిగే రంధ్రాలు అరిగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చాయని, వాటికి ఇత్తడి బుష్షులు తొడిగాడు. పొద్దుట నిలబడింది, ఎండెక్కాక పడింది. ఎడమ వైపు సందు కుడి వైపు కంటే ఇరుకుగా ఉందని బోల్టులు వదులు చేసి, కింద వాషర్లు పేర్చి, బానెట్‌ని సరిచేశాడు. ఆ రోజు మేమిద్దరం వీధి చివర టీ తాగుతున్నాం. షెడ్డులో ఎవరూ లేరు. పెద్ద చప్పుడైంది. పరిగెత్తుకు వెళ్ళి చూస్తే బానెట్ మూసుకుని ఉంది. ఎత్తాం. ఇంజను మీద బావ మరిచిపోయిన గ్రీజు డబ్బా చదునుగా నలిగిపోయి ఉంది. సరిగ్గా అప్పగింత రోజున ఆయన తల పెట్టే చోటు అది.

బావ ఆ డబ్బాని తడిమి చూసి, మూలకి విసిరేసి, "మనం లేనప్పుడు పడింది, పెద్దావిడకి మర్యాద తెలుసు" అన్నాడు.  

చివరికి స్ప్రింగులది తప్పని తేల్చాడు. పాతవి సాగిపోయాయి, బరువు మోయలేకపోతున్నాయన్నాడు. ఈ మధ్య మొండి బళ్ళకి చేస్తున్నట్టే, లారీ సామాను కొట్లు గాలించి వాటికి రెట్టింపు గట్టిగా ఉండే స్ప్రింగులు తెచ్చి బిగించాడు. ఇక చూడాలి ఆయన సంబరం. బానెట్ గోడలా నిలబడింది. రోజంతా వదిలేసినా కదల్లేదు. టీ తెచ్చినవాడికి, కొరియరు తెచ్చినవాడికి, దారిన పోయేవాడికి కూడా ఎత్తి, మూసి చూపించేవాడు. స్ప్రింగులు ఎంత గట్టివంటే మూయడానికి రెండు చేతులతో మీద పడి నొక్కాల్సి వచ్చేది. నొక్కిన ప్రతిసారీ గోడకి ఇవతల నాకు చిన్నగా టిక్కుమని వినిపించేది. ఆ చప్పుడేమిటని అడిగితే, కొత్త స్ప్రింగు సర్దుకుంటోందన్నాడు.

గీతలు పడిన చోట రంగు వెయ్యమని డాక్టరుగారు నాకు చెప్పారు. ఆ పని మీద కారు చుట్టూ తిరుగుతుంటే, ముందు అద్దం కింద, ఎడమ బందు మొదట్లో, నల్లరంగులో వెంట్రుకంత నెర్రె కనిపించింది. పాత బళ్ళ మీద నెర్రెలు మామూలే. రంగుల పనివాళ్ళం వాటిని పడుకున్నవి, లేచినవి అని రెండు రకాలుగా చూస్తాం. పడుకున్నది ఎక్కడుందో అక్కడే ఉంటుంది, దాని మీద రంగు వేసేయొచ్చు. లేచినది పాకుతుంది. ఏదో తేల్చుకోవడానికి నెర్రె ఆగిన చోట పెన్సిలుతో ఒక అడ్డగీత పెట్టి వదిలేస్తాం. నేనూ పెట్టాను. మర్నాడు చూస్తే నెర్రె ఆ గీత దాటి వెళ్ళిపోయింది.  ఇంకో గీత పెట్టి బావ దగ్గరికి వెళ్ళాను.

పగిలింది రేకు కాదు, నీ రంగుల జాతివాళ్ళు ఎవరో సొట్టలు పూడ్చడానికి పూసిన లప్పం అన్నాడు. రేకు గురించి నా చేతికి చెప్పాల్సిన పని లేదన్నాడు. నాకు కోపం ఆగలేదు. మా ఇంటి తలుపు మంచిదే, గోడ కుంగిందని చెప్పిన మనిషివి నువ్వేనా, ఇప్పుడు తలుపునే చెక్కుతూ కూర్చున్నావు అన్నాను. ఆయన మొహం ఎర్రబడింది. విసురుగా వచ్చి, అద్దం కింద రేకు మీద బొటనవేలితో గట్టిగా రుద్ది, ఏమీ లేదు పో అన్నాడు. వేలు రుద్దింది నెర్రె ఉన్న చోట కాదు, దానికి బెత్తెడు అవతల. మొండితనంతో కావాలనే చేస్తున్నాడనుకుని, నేను నా షెడ్డుకి వచ్చేశాను.

అప్పగించే రోజు పొద్దున డాక్టరుగారు తెల్లచొక్కా తొడుక్కుని వచ్చారు. ఎవరు చెప్పారో, అక్క కూడా వచ్చింది. షెడ్డులోకి రాకుండా గుమ్మం పట్టుకుని నిలబడింది. బావ బానెట్ ఎత్తాడు. దన్ను కర్ర తీసి గోడకి ఆనించాడు. చేతులు తుడుచుకున్నాడు.

నేను వెళ్ళి ఆయనకీ కారుకీ మధ్య నిలబడ్డాను. తల పెట్టే ముందు ఒక్కటి చూడమని, భుజం పట్టుకుని పక్కకి తెచ్చాను. నెర్రె నా రెండో గీత కూడా దాటి, చివర రెండు పాయలుగా చీలి ఉంది. తలుపులోంచి ఎండ నేరుగా దాని మీదే పడుతోంది. వేలు పెట్టి చూపించాను. ఆయన వంగాడు. ముక్కు రేకుకి తగిలేటంత దగ్గరికి వంగి, చాలాసేపు చూశాడు.

"ఏదిరా?" అన్నాడు.

 డాక్టరుగారికి నిలబడిన చోటి నుంచే కనిపిస్తోంది. అక్కకి గుమ్మంలోంచి కనిపిస్తోంది. బావ తల తిప్పి మా ముగ్గురి వైపూ చూశాడు. మా మౌనంలో ఆయనకి అంతా అర్థమైంది. అయినా వెనక్కి తగ్గలేదు. కనిపించకపోతే ఏమైంది, నా పని నాకు తెలీదా అని గొణుగుతూ బానెట్ వైపు నడిచాడు. పెద్దవాడని చూడకుండా చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. గోడకి ఆనించిన కర్ర తీసుకుని, దూరంగా నిలబడి, బానెట్ అంచుని ఒక్క తోపు తోశాను.

టిక్కుమంది. తర్వాత గుడ్డ చింపినట్టు చప్పుడు. ఎడమ బందు తన కింది రేకుని ముక్కగా పెకలించుకుని పైకి లేచింది, బానెట్ మెలితిరిగి ఇంజను మీద పడింది. కారంతా ఊగింది. డాక్టరుగారి చెయ్యి దానంతటదే ఆయన మెడ మీదికి వెళ్ళింది. అక్క గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది.  నాకు భయంతోపాటు, చెప్పొద్దూ, సంతోషంగా కూడా ఉంది. మాట నిలబెట్టుకున్నాను.

బావ మాత్రం బానెట్ వైపు చూడలేదు.

"ఎంత పొడుగుందిరా ఆ నెర్రె?"

"జానెడు బావా."

జానెడా, అని తనలో తను అనుకుంటూ స్టూలు మీద కూర్చున్నాడు. కాసేపటికి మెల్లగా చెప్పుకొచ్చాడు. లోపల రేకు తుప్పుపట్టి చచ్చింది. పాత స్ప్రింగులతో బానెట్ పడుతూ ఆ సంగతే చెబుతోంది. తను గట్టి స్ప్రింగులు వేసి దాని నోరు నొక్కేశాడు. మూసిన ప్రతిసారీ ఆ స్ప్రింగు బలమంతా పోయి చచ్చిన రేకుని చింపింది. ఇంత చెప్పి హఠాత్తుగా ఆగిపోయాడు. ఆయన మొహంలో రక్తం లేదు.

"ఫోను తియ్యి. ఈ స్ప్రింగులు నేను వేసింది దీనికొక్కదానికే కాదు."

చూపు తగ్గడం మొదలైనప్పటినుంచీ చేసిన బళ్ళన్నీ గుర్తు తెచ్చుకుని ఒక్కొక్కటీ చెప్పాడు. అంకెలు ఆయనకి కనిపించవు కాబట్టి నేను నొక్కి, స్పీకరు పెట్టి, ఆయన చేతికిచ్చాను. ప్రతి ఒక్కరికీ అదే మాట. బానెట్ ఎత్తకండి, ఎత్తినా కింద తల పెట్టకండి, నేనే వచ్చి చూస్తాను. చాలామంది నవ్వారు. బ్రహ్మాండంగా ఉంది మేస్త్రీ, మీ చేతి పనికి వంక పెట్టేదెవరని మెచ్చుకున్నారు. మెచ్చుకున్నప్పుడల్లా ఆయన తల ఇంకాస్త వంగిపోయింది. అక్క ఏడుపు ఆపి లేచి వచ్చి, ఇక ఇంటికి పదండి అంది. ఆయన కదల్లేదు. ఇంకొక్కరు మిగిలారన్నాడు.

ఆ మిగిలింది బూడిదరంగు కారు టీచరమ్మ. రేడియేటరు కారుతుందని రోజూ పొద్దున్నే బానెట్ ఎత్తి, వంగి, తనే నీళ్ళు పోసుకుంటుంది. ఫోను చాలాసేపు మోగింది. ఎవరో మగమనిషి ఎత్తాడు. టీచరుగారు ఉన్నారా అని అడిగాను.

"లేరండీ. మొన్న నీళ్ళు పోస్తుంటే బానెట్ మీద పడింది. ఆసుపత్రిలో ఉంది, ఇంకా స్పృహ రాలేదు. మీరెవరు?"

 ఫోను కట్ చేసెయ్యమని అక్క నాకు సైగ చేసింది. అది బావ చేతిలోనే ఉంది. ఆయన లేచి నిలబడ్డాడు.

"నేనండీ, మూతల మేస్త్రిని. ఆ బందులు బిగించింది నేనే. ఏ ఆసుపత్రో చెప్పండి, వస్తున్నాను."