వాగు ఒడ్డున గుర్రుమన్న పెట్టె

ఎనభైల్లో నీటి పరీక్షల ఉద్యోగంలో నేను కొత్తగా చేరిన రోజులవి. తొర్రూరు దగ్గర ఒక వాగు ఒడ్డున పెట్టెలాంటి యంత్రం అమర్చి, దాని గొట్టం నీళ్లలోకి వదిలాను. గంటకోసారి అది దానంతట అదే నీళ్లు తోడి సీసాల్లో నింపుకోవాలి. సమయం పెట్టి, దూరంగా కూర్చుని టిఫిన్ డబ్బా విప్పాను.

కాసేపటికి పెట్టె గుర్రుమంది. గొట్టంలోంచి గాలి తన్ని నీళ్లలో బుడగలు లేచాయి. పక్కనే బట్టలుతుకుతున్న అవ్వ కెవ్వుమంది. కట్టెలు కొడుతున్న ఆమె కొడుకు గొడ్డలితో ఉరికొచ్చాడు.

"గిది బాంబో ఏందో! పలగ్గొడ్త!"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. పెట్టెకు అడ్డంగా నిలబడ్డాను.

"జర ఆగన్నా! నీళ్లు గుంజే మిషిని గది. గంటకోసారి గట్లనే గుంజుతది. మల్ల గుంజినప్పుడు నువ్వే చూడు."

"గంట దాంక ఎవలు కూసుంటరు పిల్లా?"

సరేనని సమయాన్ని ఐదు నిమిషాలకు మార్చాను. పెట్టెకు వీపు తిప్పి నిలబడి, "భయమేం లేదవ్వా, గిది మనుషులనేం చెయ్యదు" అని ధైర్యం చెబుతున్నాను. సరిగ్గా అప్పుడే అది నా వెనకాల గుర్రుమంది. ఎగిరి వాగులో పడ్డాను!

అవ్వ పగలబడి నవ్వింది. "భయం లేదన్న పిల్లనే ముందుగాల దుంకె!"

ఆమె కొడుకు గొడ్డలి పక్కన పడేసి, నవ్వుతూనే నాకు చేయందించాడు.

ఇప్పటికీ ఎవరికైనా ధైర్యం చెప్పాలంటే, ముందు ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంటాను.