కుండ ముట్టుకుంటేనే పలికే ముసలమ్మ

పోయిన నెలలో ఒక ఆదివారం మా అమ్మాయి తన లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టి, నేను ఎప్పుడూ చెబుతూ ఉండే ఆ పాత కోటల ఆట ఎట్టకేలకు దొరికిందనీ, ఆడటం మొదలుపెట్టే ముందు నన్నొక సలహా అడగాలనీ అంది. పాత ఆటలకు ఇప్పుడు మోడ్లు అని ఉంటాయట. అంటే ఆటను తయారు చేసినవాళ్లు కాక, తర్వాత ఆడినవాళ్లు తమకు తోచినట్టు చేసి చేర్చిన మార్పులన్నమాట. బొమ్మలను నునుపు చేసేవి కొన్ని, కష్టం తగ్గించేవి కొన్ని, లేని ఊళ్లనూ లేని మనుషులనూ తెచ్చి కలిపేవి మరికొన్ని. మొదటిసారి ఆడేవాళ్లు వాటిని పెట్టుకొని ఆడాలా, లేక ఉన్నదున్నట్టు ఆడాలా అన్న విషయం మీద నెట్‌లో జనం ఒకరినొకరు దుమ్మెత్తి పోసుకుంటున్నారట.

అడగక అడగక నన్నే అడిగింది. నేను ఎవరి చేతి చలవా లేకుండా ఆ ఆటను మొదటి నుంచి చివరి దాకా ఆడిన మనిషిని. అప్పట్లో దొంగదారి కోడ్లు కొట్టి చావు లేకుండా ఆడేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది. ఆ పొగరుతోనే మా అమ్మాయికి ఓ అరగంట ఉపన్యాసం ఇచ్చాను. ఒకడు మనసు పెట్టి కట్టిన ఇంట్లోకి మొదటిసారి వెళ్తూ గోడలకు మన రంగు పూసుకుంటామా, ముందు వాడు కట్టింది చూడు, తర్వాత నీ ఇష్టం అన్నాను. పాపం, తలూపి, ఏమీ పెట్టకుండానే మొదలుపెట్టింది. నేను కుర్చీ లాక్కొని పక్కనే కూర్చున్నాను.

ఆ ఆట నా జీవితంలోకి ఎప్పుడు వచ్చిందో చెబితే గాని తర్వాత జరిగింది అర్థం కాదు. ఇరవై నాలుగేళ్ల కిందటి మాట. మా బాపు బొగ్గుబాయి కార్మికుడు, మేముండేది నస్పూర్‌లో కంపెనీ క్వార్టర్. మా అవ్వ, అంటే కన్నతల్లి, సిరిసిల్ల వైపు నేతకారుల ఇంటి ఆడపడుచు. తెల్లని నూలు మధ్య పెరిగిన మనిషి కావడం వల్లనో ఏమో, పెళ్లయి అన్నేళ్లయినా బొగ్గు దుమ్ముతో రాజీ పడలేదు. గుమ్మం పక్కన ఒక నీళ్ల గోలెం ఉండేది. బాపు గాని, మేము గాని, ఊరి నుంచి వచ్చిన చుట్టం గాని, అందులో నీళ్లు ముంచుకొని కాళ్లు కడిగేదాకా అవ్వ పలకరించేది కాదు. కడిగామో లేదో, ఆమె మొదటి మాట తిన్నవా అనే. ఇంట్లోంచి బయటికి వెళ్లేటప్పుడు ఇంకో పట్టింపు. తొందరలో ఎవరైనా పోతున్న అని నోరు జారితే వెనక్కి పిలిచి మరీ, పోతున్న అంటరా ఎవరన్న, పోయొస్త అనాలె అని, అనిపించి గాని పంపేది కాదు.

ఆ ఏడు అవ్వ జ్వరంతో పడి, వారం తిరక్కుండానే పోయింది. యాభై కూడా నిండలేదు. ఇంట్లో బాపు, మా అన్న, నేను మిగిలాం. మా అన్న డిప్లొమా చదివి, గని నౌకరీ వద్దని, షిఫ్టు సైరన్ వినపడేంత దూరంలో నాలుగు కంప్యూటర్లతో ఒక సెంటర్ నడిపేవాడు. నేను అందులో పిల్లలకు టైపింగ్ నేర్పేదాన్ని. అవ్వ పోయిననాడు ఆ మనిషి కంట చుక్క నీరు రాలేదు. ఇంటినిండా చుట్టాలుండగా, మూడో దినం అయిన తెల్లారే వెళ్లి సెంటర్ తాళం తీశాడు. నేను ఊరుకోలేదు. అందరి ముందూ నీకు గుండె ఉన్నదా అసలు అని అడిగాను, ఇంకా చాలా అన్నాను. అన్న ఒక్క మాటకూ జవాబివ్వకపోయేసరికి మరింత మండి, పోతున్న అని అరిచి బయటికి నడిచాను. గుమ్మంలో నిలబడి ఆ మాట అన్నందుకు వెనక్కి పిలిచే మనిషి లేదు. ఆనాటి నుంచి అన్నతో నావి పని మాటలే. సెంటర్ నుంచి బయల్దేరేటప్పుడల్లా కావాలనే పోతున్న అనేదాన్ని.

సరిగ్గా ఆ రోజుల్లోనే పాఠాలయ్యాక ఖాళీగా ఉండలేక ఆ కోటల ఆట మొదలుపెట్టాను. అందులో మనం ఒక ప్రయాణికుడి వేషం కట్టి, ఊరూరా తిరిగి, మనుషులతో మాట్లాడి, ఏడు కోటలు దాటాలి. రెండో కోటకు పోయే దారిలో ఒక వంతెన ఉంటుంది. దాని మీద బందిపోట్లు. ఎంత జాగ్రత్తగా వెళ్లినా చంపేసేవాళ్లు. వారం రోజులు రోజూ చచ్చాను. ఒకనాడు తల బల్ల మీద ఆనించి ఏడ్చేశాను కూడా, అది వంతెన కోసమే ఏడ్చానని అప్పుడనుకున్నాను. రెండు రోజుల తర్వాత అన్న వచ్చి, నా ఆట దాచిన ఫైలు చెడిపోయిందని, మళ్లీ మొదటి నుంచి ఆడమని, నా ముఖం చూడకుండా చెప్పి వెళ్లిపోయాడు. నా వారం కష్టం మట్టిలో కలిపిన ఘనుడని తిట్టుకున్నాను. అదీ అతని లెక్కలోనే వేశాను.

మళ్లీ వంతెన దాకా వచ్చి, మళ్లీ దెబ్బలు తిని, ఈసారి వెనక్కి పరుగెత్తితే ఎడమ పక్కన పొదల మధ్య నేనెప్పుడూ గమనించని ఒక కాలిబాట కనిపించింది. ఆ బాట చివర చిన్న ఇల్లు. ఇంట్లో ఒక ముసలమ్మ. వెళ్లి ఎంత నొక్కినా మాట్లాడదు. చాలాసేపు తంటాలు పడ్డాక తెలిసింది, గుమ్మం పక్కన ఉన్న నీళ్ల కుండను ముందు ముట్టుకోవాలి. ముట్టుకొని లోపలికి వెళ్తే, తిన్నావా అని ఇంగ్లీషులో అడిగింది. రొట్టె ఇచ్చింది. గాయాలన్నీ మానిపోయాయి. ఆటలో ఎవరితో మాట ముగించాలన్నా ఐ యామ్ లీవింగ్ అన్న వరుస మీద నొక్కాలి. ఆ ఒక్క ఇంట్లో మాత్రం ఐ విల్ గో అండ్ కమ్ అని ఉండేది.

సముద్రాల అవతల ఎక్కడో కూర్చొని ఆట రాసిన దొర ఇంట్లో కూడా ఇదే పట్టింపు ఉందన్నమాట, తల్లులంతా ఎక్కడైనా ఒక్కటేనన్నమాట అనుకున్నాను. పిల్లలకు ఇంగ్లీషు టైపింగ్ నేర్పేదాన్నే అయినా, ఆ ఇంగ్లీషు అచ్చం మా నస్పూర్ ఇంగ్లీషులా ఉందేమిటని నాకు తట్టనే లేదు. గాయాలున్నా లేకున్నా రోజూ ఆ ఇంటికి వెళ్లేదాన్ని. నిజం చెబుతున్నాను, అవ్వ పోయాక నేను మళ్లీ కడుపునిండా అన్నం తిన్నది ఆ ఇల్లు దొరికిన రోజే. తర్వాత ఆసిఫాబాద్‌లో ఒక ఆఫీసులో టైపిస్టు ఉద్యోగం, ఆ తర్వాత పెళ్లి, కరీంనగర్ కాపురం. అన్నకూ నాకూ మధ్య పండుగకో ఫోను, పెళ్లికో పలకరింపు. ఆ ముసలమ్మ సంగతి మాత్రం నాకు తెలిసిన ప్రతివాళ్లకూ చెప్పాను. మా అమ్మాయికి ఊహ తెలిసినప్పటి నుంచీ చెబుతున్నాను.

ఇక ఆ ఆదివారానికి వస్తాను. మా అమ్మాయి వంతెన దగ్గర నాలుగుసార్లు చచ్చింది. నేను లోపల్లోపల మురిసిపోతూ, ఎడమ పక్కకు తిరుగు, బాట కనిపిస్తుంది, ముందు కుండ ముట్టుకో, లేకపోతే పలకదు అని చెప్పాను. తిరిగింది. పొదలున్నాయి. బాట లేదు. పొదల చుట్టూ నాలుగు వైపులా తిప్పించాను. ఇల్లు లేదు, కుండ లేదు, ముసలమ్మ లేదు, ఉత్త రాళ్లు. నువ్వేదో పెట్టావు, నీ మోడ్లతో నా ఆటను పాడుచేశావు అని పిల్ల మీద విరుచుకుపడ్డాను. "ఏం పెట్టలేదమ్మా, నువ్వే వద్దన్నవ్ గదా" అంది అది బిత్తరపోయి. తర్వాత ఆ ఆట పాత పటం ఒకటి నెట్‌లో వెతికి తీసింది. ఎవరో పనిలేని మహానుభావుడు ప్రతి రాయినీ ప్రతి చెట్టునూ గుర్తించి పెట్టాడు. వంతెనకు ఎడమ పక్కన ఏమీ లేదు. "అసల్ల లేదమ్మా. నువ్వు వేరే ఏదన్న ఆట యాదికి తెచ్చుకుంటున్నవేమో."

నాకు నిజంగా భయం వేసింది. అది ఆటలో ఒక ఇల్లు కనబడలేదన్న భయం కాదు. నా జీవితంలో అన్నిటికన్నా చెడ్డ రోజుల్లో నన్ను నిలబెట్టిన సంగతే నేను కల్పించుకున్నదైతే, ఆ రోజుల గురించి నాకు గుర్తున్న మిగతావన్నీ నిజమేనని నమ్మేదెలా? సాక్ష్యం చెప్పగల మనిషి లోకంలో ఒక్కడే ఉన్నాడు. పండుగ కాకపోయినా అన్నకు ఫోన్ చేశాను.

విషయమంతా చెప్పి, ఆ ఇల్లు ఉండెనా లేదా అని అడిగాను.

"ఉండె," అన్నాడు. "గా ఇల్లు నేనే పెట్టిన చెల్లె."

ఆట డిస్కుతో పాటు ఊళ్లు కట్టుకునే సరంజామా కూడా వచ్చేదట. నేను తల ఆనించి ఏడ్చిననాడు చూశాడట. రెండు రోజులు కూర్చొని ఆ బాట వేసి, ఇల్లు కట్టి, అవ్వ వయసు బొమ్మ ఆటలో దొరక్కపోతే ముసలమ్మ బొమ్మతోనే సరిపెట్టుకున్నాడట. పాత ఫైలులో ఆ ఇల్లు కనిపించదు కాబట్టి నా ఆటను తానే చెరిపేశాడట. ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తె నువ్వు ఆడుదువా? అసలుదే ఆడాలె అనేదానివి. నాకేమో అవ్వ మాటలు మరిచిపోతనేమో అని బుగులైంది. కాయితం మీద రాస్తె బాపు సూసి పరేషాన్ అయితడు. గందుకే గా ఆటల పెట్టిన. పొద్దుగాల సెంటర్ తెరవంగనే నేను గూడ గా ఇంటికి పోయొచ్చేటోన్ని."

గుండె లేదని నలుగురిలో నేను తిట్టిన మనిషి, తాళం తీసి సెంటర్‌లోకి ఆ తర్వాత రోజూ వెళ్లింది అవ్వను చూడటానికా! అప్పుడు అన్న ఇంకో మాట కూడా అన్నాడు.

"నాతోని నువ్వు పోతున్న అనే అంటుంటివి. గా ఇంట్ల మాత్రం దినాం పోయొస్త అని నొక్కుతుంటివి. నేను వెనుక నిలవడి సూస్తుంటి."

ఆ మాట విని నేను ఏడ్చానని మా అమ్మాయి తర్వాత చెప్పింది.

తర్వాతి ఆదివారం దాన్ని తీసుకొని నస్పూర్ వెళ్లాను. మా పాత క్వార్టర్ల వరుస ఇప్పుడు లేదు, సెంటర్ ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. అన్న కొత్తగా కట్టుకున్న ఇంటి ముందు గోలెం లేదు గాని గేటు పక్కన నల్లా ఉంది. నేను చెప్పులు విప్పి, నల్లా తిప్పి, కాళ్లు కడిగాను. గుమ్మంలో నిలబడి చూస్తున్న అన్న, నీళ్లు ఆగేదాకా ఏమీ అనలేదు. ఆగాక, తిన్నవా అని అడిగాడు. తిని బయల్దేరినా, లేదన్నాను.

మా అమ్మాయి మామను కూర్చోబెట్టి ఆ ఫైలు ఏమైందని ఆరా తీసింది. ఆ కంప్యూటర్లు ఎప్పుడో పాత సామాను వాడికి పోయాయి, ఇల్లూ వాటితోనే పోయింది. ఇప్పటి మోడ్లకు చేసినవాడి పేరుంటుందనీ, ఎంతమంది వాడారో లెక్కుంటుందనీ, బాగుంటే పొగుడుతారనీ, లేకుంటే తిడతారనీ అది చెబుతుంటే అన్న నవ్వుతూ విన్నాడు. మా అన్న చేసిందానికి పేరు లేదు, దాన్ని ఆడినవాళ్లం ఇద్దరమే, అందులో ఒకదానికి తాను ఏం ఆడిందో తెలియదు. అలా తెలియనీయకుండా ఒకరి కష్టంలోకి ఒక ఇల్లు కట్టి పెట్టడం ఇప్పుడు కుదురుతుందో లేదో నాకు తెలియదు. ఎవరు ఏం చేసినా ముందే తెలిసిపోతున్న కాలం ఇది. మా అమ్మాయి ఏమీ పెట్టకుండానే ఇంకా ఆ వంతెన దగ్గర పోరాడుతోంది. మొదటిసారి ఎలా ఆడాలో చెప్పమని అదే ప్రశ్న నన్ను ఇప్పుడు అడిగితే, అరగంట ఉపన్యాసం కాదు కదా, అర మాట కూడా నా నోట రాదు.

సాయంత్రం బస్సు వేళకు బయల్దేరాం. గేటు దగ్గర అలవాటు కొద్దీ పోతున్న అనబోయి ఆగాను. అన్న గేటు పట్టుకొని నేల చూస్తూ నిలబడ్డాడు. పోయొస్త అన్నా, అన్నాను. ఆటలో ఆ మాటకు ఒక్క నొక్కు నొక్కితే సరిపోయేది. నోటితో అనడానికి మాత్రం నాకు ఇరవై నాలుగేళ్లు పట్టింది.