మా నాన్న తాగని సారా

మా పల్లె నాగాయలంక దాటాక, సముద్రానికి కాస్త ఇవతల ఉంటుంది. అన్నీ వేటకెళ్ళే ఇళ్ళే. మా నాన్న ఆ పల్లెకి పెదకాపు. పెదకాపంటే సర్పంచి కాదు, ఓట్లతో పని లేదు. వలల దగ్గరా, వాటాల దగ్గరా, మొగుడూ పెళ్ళాల మధ్యా తగవొస్తే అందరూ వచ్చి కూర్చునేది ఆయన ముందే. తాగొచ్చి పెళ్ళాన్ని కొట్టినవాణ్ణి మా నాన్న ఊరికే వదిలేవాడు కాదు. అందరి ముందూ ఆమెకి దణ్ణం పెట్టించేవాడు. పెట్టేదాకా వాణ్ణి ఎవరూ పడవ ఎక్కించుకునేవారు కాదు.

ఆయన మాటకి ఆ బరువు ఊరికే రాలేదు. మా తాత విపరీతంగా తాగేవాడట. ఒకరోజు ఆ మత్తులోనే పడవ మీంచి ఏట్లో పడి పోయాడు. అప్పటికి మా నాన్నకి మీసాలు కూడా రాలేదు. శవాన్ని ఒడ్డుకి లాగినవాళ్ళలో తనూ ఉన్నాడు. ఆ తర్వాత పెళ్ళిళ్ళలో గానీ, చావుల్లో గానీ, గంగమ్మ జాతరలో గానీ చుక్క ముట్టలేదు. ఇది పల్లెలో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

నేను అవనిగడ్డలో ఇంటరు పూర్తిచేసి ఇంట్లో కూర్చున్న రోజుల్లో బందరు నుంచి ఒక సేవాసంస్థ వాళ్ళొచ్చారు. వాళ్ళకి ఒక అభివృద్ధి బ్యాంకు తోడైంది. తీరగ్రామాల్లో కుర్రకారుకి పని నేర్పే కేంద్రాలు పెడతామన్నారు. సంస్థ తరఫున వచ్చిన కోఆర్డినేటరు గారిది గుడివాడ దగ్గర పల్లెటూరు. నెమ్మదైన మనిషి. అందరినీ అండీ అనే పిలిచేవారు.

"ఏ బ్యాంకండీ? బంగారం తాకట్టు పెట్టుకునేదేనా?" అని అడిగాడు మా నాన్న.

"కాదండీ పెదకాపు గారూ. దీనికి కౌంటర్లూ అవీ ఉండవు. ఇలాంటి మంచి పనులకి వెనకుండి నడిపిస్తది. పిల్లలకి కంప్యూటర్లు, కుట్టుమిషన్లు, ఇంగ్లీషు. మీరు కాస్త చోటు చూపిస్తే చాలు."

చోటే కష్టం. వానాకాలంలో మా పల్లె సగం నీళ్ళలో ఉంటుంది. ఎత్తుగా ఉన్నది ఒక్కటే, చేపలు ఎండబెట్టుకునే కళ్ళం. ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి ఇసక మోసి మెరక చేసుకున్న నేల అది. దాన్ని ఇమ్మంటే ఎవరిస్తారు? మా నాన్న ఇంటింటికీ తిరిగాడు. మా మేనత్త అయితే తలుపు వేసుకుంది. ఆయన ఆ తలుపు ముందే కూర్చుని చెప్పాడు.

"చేపలు ఎక్కడ పరిచినా ఎండుతాయే. మన పిల్లలెందుకు ఎండిపోవాలి?"

అత్త తలుపు తీసింది. కళ్ళం ఇచ్చేశారు. గోడలు లేచేటప్పుడు వేట లేని రోజుల్లో మా నాన్న వెళ్ళి ఇటుకలు అందించేవాడు. ఆయన ఆనందం చూస్తే ఆ కట్టేది తన సొంత ఇల్లేమో అనిపించేది.

మొదటి జట్టులో నేనూ చేరాను. కంప్యూటరు మీద లెక్కలు రాయడం, ఉత్తరాలు కొట్టడం నేర్పారు. బాగా నేర్పారు. ఆ మాట దాచను. అక్కడ చదువు చెప్పిన మేడం బందరు నుంచి రోజూ రెండు బస్సులు మారి వచ్చేది. తుఫాను హెచ్చరిక ఉన్నా మానేది కాదు.

క్లాసులు మొదలైన కొన్నాళ్ళకి గానీ ప్రారంభోత్సవం పెట్టలేదు. దానికి ముందు హైదరాబాదు నుంచి ఒక అమ్మాయి, కెమెరా పట్టుకున్న అబ్బాయి వచ్చారు. బ్యాంకు వాళ్ళకి చూపించడానికి చిన్న సినిమా తీయాలట. అందులో నేనుంటానని కోఆర్డినేటరు గారు చెప్పారు. అమ్మ సంబరపడి పట్టుచీర తీసింది. ఆ అమ్మాయి వద్దంది. ఇంట్లో కట్టుకునేది, కాస్త పాతది కట్టుకోమంది. మాది డాబా ఇల్లు. చిన్నదే, కానీ డాబా. వాళ్ళు దాన్ని ఒకసారి చూసి, మా అత్త వాళ్ళ తాటాకుల పాక దగ్గర తీద్దామన్నారు.

"మా ఇల్లు బాలేదా అమ్మా?" అని నవ్వుతూ అడిగాడు మా నాన్న.

"బాగుందండీ," అందా అమ్మాయి, కాస్త ఇబ్బందిగా. "బాగుంది కాబట్టే."

మాకు అర్థం కాలేదు. నాన్నని పాక పక్కన కూర్చోబెట్టి తల దించుకుని వల బాగుచేయమన్నారు. ఆయన వల బాగుచేసేటప్పుడు ఎప్పుడూ పాటలు పాడతాడు. పాడొద్దన్నారు. నన్ను గట్టు మీద నడిపించారు. తర్వాత కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగారు. చదువు గురించి, వేట గురించి, తుఫాన్ల గురించి. "ఇంట్లో ఎవరికైనా తాగుడు అలవాటుందా?" అని కూడా అడిగిందా అమ్మాయి.

"మా తాతకుండేది," అన్నాను. "దానివల్లే పోయాడు. అందుకే మా నాన్న దాన్ని ముట్టుకోడు. పల్లెలో ఎవరైనా తాగి గొడవ చేస్తే ఆయనే బుద్ధి చెప్తాడు."

ఆ మాట చెప్తున్నప్పుడు నా గొంతులో గర్వం నాకే వినపడింది. ఆమె తల ఊపి రాసుకుంది.

ప్రారంభోత్సవం రోజు షామియానా వేశారు. బ్యాంకు తరఫున పెద్ద మేడం ఒకావిడ ఢిల్లీ నుంచి వచ్చారు. తెలుగు రాదు. పక్కన ఒకరు కూర్చుని చెవిలో చెప్తున్నారు. అధికారులూ, నాయకులూ వచ్చారు. మా నాన్న తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని ముందు వరసలో కూర్చున్నాడు. కొత్త హాల్లో కిటికీలన్నీ మూసి, గోడ మీద సినిమా వేశారు.

మొదట సముద్రం కనపడింది. తర్వాత మా అత్త పాక. తర్వాత నేను. వెనక నుంచి ఎవరిదో చక్కటి మగగొంతు చెప్తోంది. ఈ అమ్మాయి తండ్రి సారాకి బానిస. వేటలో వచ్చినదంతా తాగుడుకే పోయేది. చిన్నతనంలోనే కూతురికి పెళ్ళి చేసి వదిలించుకోవాలనుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఈ కేంద్రం ఆమె జీవితంలోకి వచ్చింది. ఆ మాటల మీద గోడంత మా నాన్న, తల దించుకుని, వల ముందు.

వెనక నుంచి ఒకడు కిసుక్కున నవ్వాడు. ఇంకొకడు. ఆ తర్వాత హాలంతా నవ్వే. అది అబద్ధమని అక్కడున్న ప్రతివాడికీ తెలుసు కాబట్టే నవ్వారు. నిజమై ఉంటే ఎవరూ నవ్వేవారు కాదేమో. జనం సంతోషిస్తున్నారనుకుని ఢిల్లీ మేడం కూడా నవ్వుతూ వెనక్కి తిరిగి చూశారు.

నేను లేచి నిలబడ్డాను. అమ్మ నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. నాన్న కదల్లేదు. అతిథులుండగా ఇంటివాడు లేచిపోకూడదని ఆయన పద్ధతి. సినిమా అయ్యాక స్థలం ఇప్పించినందుకు ఆయన్ని వేదిక మీదికి పిలిచారు. సినిమాలో మనిషీ ఈ మనిషీ ఒకరేనని పిలిచినవాడికి తెలిసినట్టు లేదు. నాన్న వెళ్ళాడు. మేడం శాలువా కప్పితే వంగి కప్పించుకున్నాడు. ఫోటో తీశారు. కిందికి దిగి, శాలువాతోనే ఇంటికి నడిచాడు.

ఇంటికొచ్చాక అమ్మ నోటికొచ్చినట్టు తిట్టింది. సంస్థనీ, బ్యాంకునీ, కెమెరానీ, చివరికి నన్నూ. నేను నాన్న ముందు కూర్చున్నాను.

"నేనలా చెప్పలా నాన్నా. తాత గురించి చెప్పా. నువ్వు తాగవని చెప్పా."

"నువ్వు చెప్పలేదని నాకు తెలుసమ్మా," అన్నాడు. శాలువా మడతపెడుతూ, "మరి చెప్పని మాట అంత పెద్ద గొంతుతో ఎట్టా వచ్చింది?" అన్నాడు.

ఆయన మళ్ళీ ఆ ప్రశ్న వేయలేదు. వేసి ఉంటే బాగుండేది.

కొన్నాళ్ళకి మా వీధిలో ఒకడు తాగి పెళ్ళాం చెయ్యి విరగ్గొట్టాడు. పంచాయితీ పెట్టారు. నాన్న ఎప్పటిలాగే, ఆమెకి దణ్ణం పెట్టమన్నాడు. వాడు పెట్టలేదు.

"నువ్వెవడివి నాకు చెప్పటానికి? నీ తాగుడు గోడంత చేసి చూపిచ్చారుగా ఢిల్లీవోళ్ళకి! ముందు నీ పెళ్ళానికి నువ్వు పెట్టు దణ్ణం!"

జనం నవ్వారు. వాడి మీద కోపంతో వచ్చినవాళ్ళు కూడా ఆపుకోలేకపోయారు. చెయ్యి విరిగి కట్టు కట్టించుకున్న ఆ ఆడమనిషి సైతం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాన్న ఆమె వైపు చూశాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు.

"ఇంకెవర్నన్నా చూసుకోండయ్యా," అన్నాడు.

అంతే. మళ్ళీ ఏ తగవులోనూ కూర్చోలేదు. దణ్ణం పెట్టనివాడు ఆ మర్నాడే వేటకెళ్ళాడు. వాణ్ణి పడవ ఎక్కించుకోవద్దని చెప్పేవాళ్ళు లేరు. ఆమె కొన్నాళ్ళు పుట్టింట్లో ఉండి, గతిలేక తిరిగొచ్చింది.

నేను బందరు వెళ్ళాను. సంస్థ ఆఫీసు కోనేరు సెంటర్‌కి దగ్గర్లో, మేడ మీద. కోఆర్డినేటరు గారు నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించారు. సంగతి ఆయనకి అప్పటికే తెలుసు.

"అది నీ ఒక్కదాని కథ కాదమ్మా. నలుగురైదుగురు పిల్లల కథలు కలిపి ఒకటి చేశారు."

"మరి మిగతావాళ్ళ నాన్నలు ఏరి సార్? మా నాన్నొక్కడే ఉన్నాడు కదా గోడమీద?"

ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నారు. "పేరు చెప్పలేదు కదమ్మా."

"మనిషిని చూపించాక పేరెందుకు సార్?"

"మార్పు చూపించాలంటారమ్మా పైవాళ్ళు. ముందు కష్టం కనపడకపోతే తర్వాత మనం చేసిందేంటని అడుగుతారు. నేను చెప్పి చూశా. సినిమా అప్పటికే వెళ్ళిపోయింది." గొంతు తగ్గించి అన్నారు, "బ్యాంకు మేడం మళ్ళీ వస్తన్నారు, రివ్యూకి. నిన్ను పిలుస్తా. నువ్వే చెప్పు. నేను చెప్తే ఇంకో ఉద్యోగం చూసుకోమంటారు."

మాట తప్పలేదు ఆయన. పిలిచారు. బందరులో ఒక హోటలు హాల్లో మీటింగు. వేరే ఊళ్ళ నుంచి కూడా పిల్లల్ని తెచ్చారు. అందరం సంస్థ ఇచ్చిన ఒకే రంగు చొక్కాల్లో ఉన్నాం. నా వంతు వచ్చినప్పుడు మైకు తీసుకున్నాను. మా నాన్న తాగడని చెప్పాను. కళ్ళం ఇప్పించింది ఆయనేనని చెప్పాను. పంచాయితీలో జరిగింది చెప్పాను. "మీ సినిమాలోంచి మా నాన్నని తీసెయ్యండి. మా పల్లెకొచ్చి, అందరి ముందూ, అది తప్పని చెప్పండి," అన్నాను. చివరి మాటలు కేంద్రంలో నేర్చుకున్న ఇంగ్లీషులోనే అన్నాను, మధ్యలో ఎవరూ మార్చకుండా ఉండాలని.

మేడం శ్రద్ధగా విన్నారు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది నటన కాదు. లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, హాలు వైపు తిరిగి ఏదో చెప్పారు. పక్కనున్న ఆవిడ దాన్ని తెలుగులో చెప్పింది.

"ఒక మారుమూల పల్లె నుంచి వచ్చిన ఆడపిల్ల ఇంతమంది ముందు నిలబడి, ఇంత ధైర్యంగా, ఇంగ్లీషులో ప్రశ్నిస్తోంది. మన కార్యక్రమం విజయం అంటే ఇదే!"

హాలంతా చప్పట్లు. కెమెరా అబ్బాయి నా ముందుకొచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నేను నవ్వలేదు. అయినా తీశాడు.

పల్లెకి ఎవరూ రాలేదు. కొన్నాళ్ళకి ఆ కార్యక్రమం గడువు అయిపోయింది. తర్వాతి విడత వేరే జిల్లాకి మారింది. కంప్యూటర్లు వ్యానులో ఎక్కించుకున్నారు. బస్సులు మారి వచ్చే మేడం చివరిరోజు ఏడ్చింది. ఆమెకీ ముందుగా ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు ఆ భవనం తుఫాను హెచ్చరికలప్పుడు మాత్రం తెరుస్తారు. ఆడవాళ్ళు తారురోడ్డు అంచున చేపలు పరుస్తున్నారు. ఆటోలు తొక్కించుకుంటూ పోతాయి. మా అత్త రాయి పుచ్చుకుని కాపలా కూర్చుంటుంది. నాన్న అటుగా వెళ్తే ఆమె ఏమీ అనదు. అనకపోవడం ఆయనకి వినపడుతుంది.

నాకు గుడివాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో బిల్లుల కౌంటరులో ఉద్యోగం వచ్చింది. ఆ కేంద్రం ఇచ్చిన సర్టిఫికెట్ లేకపోతే నన్ను ఇంటర్వ్యూకి కూడా పిలిచేవారు కాదు. ఇదీ రాయాలి. రాస్తుంటే చేదుమాత్ర మింగినట్టుంది. నేను ఏ అన్నం తింటున్నానో నాకు తెలుసు, దానికి ఎవరు కూర అయ్యారో కూడా తెలుసు.

నిరుడు నాన్నకి కడుపులో నొప్పి వస్తే గుడివాడ తీసుకొచ్చి మా ఆసుపత్రిలోనే చూపించాను. డాక్టరు కుర్రవాడు. పొట్ట నొక్కి చూస్తూ, అందరినీ అడిగినట్టే అడిగాడు.

"మందు అలవాటుందా పెద్దాయనా?"

నాన్న పైకప్పు వైపు చూస్తూ పడుకున్నాడు.

"లేదండీ. ఎప్పుడూ లేదు," అన్నాను నేను.

"వేటకెళ్ళేవాళ్ళు కదమ్మా, ఎంతో కొంత ఉంటుంది. దాచకుండా చెప్తే మందులు సరిగ్గా ఇస్తా," అన్నాడు డాక్టరు, దయగానే.

"రాసుకోండి బాబూ," అన్నాడు నాన్న. "మీకేది బాగుంటే అది రాసుకోండి."

"నాన్నా!" అన్నాను.

"పోన్లేమ్మా, ఆయన పని ఆయన్ని చేసుకోనీ," అన్నాడు.

స్కానింగులో పిత్తాశయంలో రాళ్ళని తేలింది. కాలేయం శుభ్రంగా ఉందన్నాడు డాక్టరు. ఆ కాగితం తీసుకెళ్ళి పల్లెలో గోడ మీద అంటించాలనిపించింది. నాన్నకి చూపిస్తే మడతపెట్టి సంచిలో వేసుకున్నాడు. ఆపరేషను అయ్యాక అవనిగడ్డ బస్సు ఎక్కించాను. కిటికీ పక్కన కూర్చున్నాడు. కుట్లు జాగ్రత్త, వేటకెళ్ళొద్దు అని చెప్తుంటే తల ఊపాడు.

"నువ్వు డ్యూటీకి పో, ఆలస్యమవుద్ది," అన్నాడు.

బస్సు కదిలేదాకా నిలబడ్డాను. ఆయన ఎదటి సీటు వెనక రాసిన అక్షరాలేవో కూడబలుక్కుంటున్నాడు. నా వైపు తిరిగి చూడలేదు.